‘సలహా ఇవ్వడమైనది’: బెయిల్ వచ్చాక ఏడు నెలలు జైల్లోనే ఉన్న ఒక రిమాండ్ ఖైదీ కేసు

తెలంగాణలో ఒక జిల్లా జైలుకు నేను వారానికి రెండుసార్లు వెళ్తాను. న్యాయ సేవాధికార సంస్థ తరఫున జైలు విజిటింగ్ అడ్వొకేట్‌ని. జైలు ఆఫీసు పక్క గదిలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది. ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ఖైదీల హక్కుల బోర్డు, బల్ల మీద పొడుగాటి రిజిస్టర్. రిజిస్టర్‌లో ఏడు గళ్లు: తేదీ, పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, అడిగిన సహాయం, ఇచ్చిన సలహా, సంతకం. ఏ పేజీ తిప్పినా ఆరో గడిలో ఒకటే మాట కనిపిస్తుంది: ‘సలహా ఇవ్వడమైనది’.

2023లో ఒక మనిషి పేరు ఆ రిజిస్టర్‌లో ఐదుసార్లు ఎక్కింది. మార్చి, మే, జూన్, ఆగస్టు, సెప్టెంబర్. ఐదుసార్లూ ఆరో గడిలో అదే మాట, ఏడో గడిలో అతని వంకర సంతకం. అతనికి ఏప్రిల్‌లో బెయిల్ వచ్చింది. నవంబర్ దాకా లోపలే ఉన్నాడు. ఆ ఐదింటిలో ఆగస్టుది నా చేతిరాత.

ఈ కేసు రాయడానికి అతనూ, అతని భార్యా ఒప్పుకున్నారు. మనిషి గుర్తు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. కేసు నడిచిన తీరు మార్చలేదు.

కేసు వివరాలు

అతనిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. నలభై దాటిన వయసు. హైదరాబాద్ చుట్టుపక్కలకు సెంట్రింగ్ పనికి పదేళ్లుగా వచ్చిపోతున్నాడు. బ్యారక్‌లో అందరూ ఊరి పేరుతో ‘ఉద్దానం’ అనే పిలిచేవారు. ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ స్టోర్‌రూమ్‌లోంచి రాగి వైర్లు, సెంట్రింగ్ ప్లేట్లు పోయాయి. వాచ్‌మన్ చెప్పిన అనుమానం మీద ముగ్గురు పనివాళ్లను తీసుకెళ్లారు. ఐపీసీ 457, 380 సెక్షన్లు, అంటే రాత్రిపూట చొరబడటం, దొంగతనం. ఉద్దానం మూడో నిందితుడు. ఫిబ్రవరి రెండో వారంలో రిమాండ్ అయ్యాడు. సొంతంగా లాయర్ని పెట్టుకునే స్థితి లేదు కాబట్టి ప్యానెల్ లాయర్ని, అంటే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇచ్చే లాయర్ని, ఇచ్చారు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ప్యానెల్ లాయర్ తన పని తాను చేశారు. ఏప్రిల్ రెండో వారంలో బెయిల్ మంజూరైంది. షరతులు: పది వేల రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు స్థానిక జామీనుదారులు, వారానికోసారి స్టేషన్‌లో సంతకం.

ఈ ‘ఇద్దరు స్థానిక జామీనుదారులు’ అనే మాట దగ్గరే మా పనిలో సగం కేసులు ఆగిపోతాయి. జామీను ఉండేవాళ్లకు ఆ ప్రాంతంలో ఇల్లో పొలమో ఉండాలి. ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాస్‌బుక్కో తేవాలి, ఆధార్, ఫోటోలు ఇవ్వాలి. ఆస్తి నిజమేనా అని తహసీల్దార్ ఆఫీసు నుంచి కాగితం రావాలి. ఇంతకుముందు ఊళ్లో వీఆర్వో ఉండేవాడు, మనుషులు తెలిసినవాడు కాబట్టి ఒక పూటలో రాసిచ్చేవాడు. 2020లో తెలంగాణలో ఆ వ్యవస్థ రద్దయ్యాక ఈ పని తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడమైంది. కూలీ షెడ్డులో ఉండి, నాలుగు నెలలకోసారి సైటు మారే మనిషికి తన కోసం ఇంటి పన్ను రసీదు పెట్టేవాళ్లు ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. మిగతా ఇద్దరు నిందితులు దగ్గరి జిల్లావాళ్లు, ఏప్రిల్ నెలాఖరుకే వెళ్లిపోయారు.

ఇది కొత్త సమస్య కాదు. 1978లో మోతీరామ్ కేసులో ఒక తాపీమేస్త్రీకి పది వేల జామీను అడిగి, జామీనుదారులు మా జిల్లావాళ్లే కావాలని మేజిస్ట్రేట్ పట్టుబడితే, జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా తప్పుపట్టారు. ఒక తెలుగువాడినో తమిళుడినో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుల్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడని ఆ తీర్పులో అడిగారు. 45 ఏళ్ల తర్వాత ఒక తెలుగువాడికి తెలుగు మాట్లాడే ఊళ్లోనే అదే గతి పట్టింది.

భార్య మే నెలలో ఒకసారి వచ్చింది. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు ఒలిచే పని ఆమెది. ఎనిమిది వేలు వడ్డీకి తెచ్చుకుని ఫలక్‌నుమా జనరల్ బోగీలో సికింద్రాబాద్ చేరి, అక్కడి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ములాఖత్‌లో అద్దం అవతల భర్త, చేతిలో ఫోను, పదిహేను నిమిషాలు. తర్వాత కోర్టుకు వెళ్తే బయట టీకొట్టు దగ్గర ఒకడు ఇద్దరు జామీనుదారులకు కలిపి పదిహేను వేలు అడిగాడట. కిరాయి జామీను ఉండేవాళ్లు ప్రతి కోర్టు దగ్గరా ఉంటారు, అది అందరికీ తెలిసిందే. ఎనిమిది వేలకు ఒప్పుకోలేదు. ఆమె తిరిగి వెళ్లిపోయింది.

హెడ్ వార్డర్ అడిగిన మాట

అక్టోబర్ మొదటి వారంలో క్లినిక్ ముగించుకుని లేస్తుంటే హెడ్ వార్డర్ వచ్చాడు. సర్వీసు చివర్లో ఉన్న మనిషి. “మేడమ్, ఆ ఉద్దానం ఆయన్ని ఒకసారి చూడరాదూ? కాళ్లు వాచినయ్. బెయిలైంది గదా, ఎందుకు పోతలేడు?” అన్నాడు.

మనిషిని పిలిపించారు. చెప్పులు కాళ్లకు పట్టక మడమలు బయటికి తోసుకుని నడుస్తున్నాడు. కుర్చీలో కూర్చోమంటే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్ల కింద ఉబ్బు. నేను రిజిస్టర్ తిప్పుతూ అడిగాను.

“బెయిల్ వచ్చిందని తెలుసా అన్నా?”

“వచ్చిందని సెప్పినారమ్మా. ఎప్పుడెల్తానో సెప్పనేదు.”

“జామీను కావాలని ఎవరైనా చెప్పారా?”

“మా ఇంటిది వచ్చినప్పుడు సెప్పింది. కోర్టు కాడ ఎవుడో పదిహేనేలు అడిగినాడంట.”

“నేను ఆగస్టులో వచ్చాను కదా. అప్పుడెందుకు చెప్పలేదు?”

“మీరడగనేదమ్మా. సంతకం ఎట్టమన్నారు, ఎట్టినాను.”

ఆ ఆగస్టు మధ్యాహ్నం నాకు గుర్తుంది. రిజిస్టర్‌లో ఆ రోజు 43 పేర్లున్నాయి. నేను గేటు లోపలికి వచ్చేసరికి రెండున్నర. ఐదింటికి లాకప్. మనిషికి మూడున్నర నిమిషాలు. లాయర్ ఉన్నాడా, ఉన్నాడు. బెయిల్ పెట్టారా, పెట్టారు, వచ్చింది. ‘వచ్చింది’ అని వినగానే నా చెయ్యి ఆరో గడిలోకి వెళ్లిపోయింది. బెయిల్ వచ్చిన మనిషి ఇంకా నా ఎదురుగా ఎందుకు నిలబడి ఉన్నాడన్న ప్రశ్న నాకు తట్టలేదు. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. హెడ్ వార్డర్‌కు తట్టింది.

పై కాగితాల్లో ఏముంది

ఆ వారమంతా నేను కాగితాలే చదివాను. జైలు ఇచ్చినవి, మా సంస్థ పంపినవి, కోర్టువి. ఎక్కడా అబద్ధం లేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే జైళ్ల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది, అధికారులు అబద్ధపు లెక్కలు రాస్తారనే అనుకుంటారు. ఈ కేసులో ప్రతి లెక్కా నిజమే.

‘న్యాయవాది లేని రిమాండ్ ఖైదీ ఒక్కరూ లేరు’ అని మా నివేదికలో ఉంది. నిజమే, ఉద్దానానికి న్యాయవాది ఉన్నారు. కాకపోతే బెయిల్ ఆర్డర్ రావడంతో ఆ ప్యానెల్ లాయర్‌కు అప్పగించిన పని అయిపోయింది. అదే సమయంలో జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి (ఈ కేసుల కోసమే పూర్తికాలం పనిచేసే లాయర్ల ఆఫీసు) వచ్చి ఫైళ్లు వాళ్ల ఆఫీసుకు మారాయి. కొత్తవాళ్ల దగ్గర ఈ ఫైలు ‘బెయిల్ మంజూరు’ కట్టలో చేరింది. తొందరగా చూడాల్సిన కట్ట వేరే.

‘జైలు క్లినిక్ ద్వారా సహాయం పొందినవారు’ అని మూడు నెలలకోసారి ఒక సంఖ్య వెళ్తుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా లెక్కలో ఉద్దానం రెండుసార్లు ఉన్నాడు. ఏడాది మొత్తం మీద ఐదుగురు లబ్ధిదారులుగా ఉన్నాడు. గళ్లు లెక్కపెడితే అంతే వస్తుంది.

జైలు గేటు దగ్గరి బోర్డు మీద ఆ రోజు సామర్థ్యం 250, ఉన్నవారు 212. దేశం మొత్తం మీద 2022 చివరికి జైళ్లలో ఉండాల్సిన వందమందికి 131 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. మొత్తం 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. ఆ లెక్కల పక్కన మా జైలు చాలా మెరుగ్గా కనిపిస్తుంది. లోపల ఆరు బ్యారక్‌లలో రెండు వానకు కారుతున్నాయని మూసేశారు. రిపేరుకు ఎస్టిమేట్ వెళ్లింది. 40 మంది పట్టే బ్యారక్‌లో 60 మంది. ఉద్దానం పడుకునేది బాత్రూమ్ గోడ పక్కన. రాత్రి లేచేవాళ్లంతా అతని కాళ్ల మీదుగా దాటి వెళ్లాలి. బోర్డు మీది అంకె మూసేసిన బ్యారక్‌లను కూడా కలుపుకున్నది.

ఇక అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది సుప్రీంకోర్టు ఆదేశాల సంగతి. 2023 జనవరి 31న, అంటే ఉద్దానం అరెస్టు కావడానికి రెండు వారాల ముందు, సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి మనుషుల కోసమే ఆదేశాలిచ్చింది. బెయిల్ ఇచ్చిన కోర్టు ఆర్డర్ కాపీని అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్ చెయ్యాలి. జైలు ఆ తేదీని ఈ-ప్రిజన్స్‌లో, అంటే జైళ్ల కంప్యూటర్ రికార్డులో, ఎక్కించాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, కార్యదర్శి ఎవరినైనా పంపి ఖైదీతో మాట్లాడించాలి. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానిక జామీనే కావాలని అడగడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా అందులోనే చెప్పింది. ఆ ఆదేశాల కాపీ మా క్లినిక్ గోడకు అంటించి ఉంది.

ఈమెయిల్ వచ్చింది. తేదీ ఎక్కింది. మరి ఏడు రోజుల తర్వాత మాకు సమాచారం ఎందుకు రాలేదు? దానికి జవాబు పీటీ వారెంట్ అనే ఒక కాగితంలో దొరికింది, అది తర్వాత చెప్తాను. ముందు ఆరోగ్యం సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్టోబర్‌లో అందరికన్నా ముందు పరుగెత్తాల్సి వచ్చింది దానికోసమే.

54, 54, 54

ప్రతి ఖైదీకీ హిస్టరీ టికెట్ అని ఒకటి ఉంటుంది. అందులో వచ్చిన రోజు బరువు, ఆరోగ్యం, తర్వాత అప్పుడప్పుడు చూసిన బరువు రాస్తారు. ఉద్దానం టికెట్‌లో ఫిబ్రవరిలో 54 కిలోలు. మే నెలలో 54. ఆగస్టులో 54. పక్కన ‘సాధారణం’. చూస్తున్న మనిషికీ ఆ అంకెకూ పొంతన లేదు. కాంపౌండర్‌ని అడిగితే దాచలేదు: తూకం మెషీన్ పాడై చాలా రోజులైంది, పాత బరువే ఎక్కిస్తున్నారు. గడి ఖాళీగా ఉంటే తనిఖీలో అడుగుతారు, నిండి ఉంటే అడగరు.

మందుల రిజిస్టర్‌లో మార్చి నుంచి అతని పేరు మీద డైక్లోఫెనాక్ బిళ్ళలు ఉన్నాయి. నడుం నొప్పి, కాళ్ల నొప్పులు. సెంట్రింగ్ పని చేసినవాడికి నడుం నొప్పి అంటే ఎవరికీ అనుమానం రాదు. వారానికి మూడు రోజులు వచ్చే డాక్టరు ఒక్కరే, ఓపీలో యాభై అరవై మంది. నొప్పి బిళ్ళ అడిగితే ఇచ్చారు. ‘వైద్య సహాయం అందించబడింది’ అన్నది అక్కడా నిజమే.

నేను డాక్టర్ని కాను. కానీ ఉద్దానం అన్న మాట వింటే ఏ తెలుగువాడికైనా మొదట గుర్తొచ్చేది కిడ్నీలే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బుతో ఇళ్లకు ఇళ్లే నలిగిపోతున్నాయి. ఆ జబ్బు మొదట్లో బయటికి తెలియదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు చేటు చేస్తాయి. బ్యారక్‌లో అరవై మంది రోజూ ‘ఉద్దానం, ఉద్దానం’ అని పిలుస్తున్నా ఈ మనిషికి ఒక్క రక్తపరీక్ష జరగలేదు.

నేను మేజిస్ట్రేట్ కోర్టులో వైద్య పరీక్షల కోసం పిటిషన్ వేశాను. ఖైదీది ఏ ప్రాంతమో, అక్కడ ఏ జబ్బు ఉందో రెండు పేరాలు రాశాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించమని అడిగాను. అదే రోజు ఆర్డర్ వచ్చింది. తర్వాత ఎస్కార్ట్. మొదటిసారి, ఖైదీల వెంట వెళ్లాల్సిన ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులు బందోబస్తుకు వెళ్లారు. రెండోసారి వ్యాన్ వచ్చింది కానీ కోర్టు వాయిదాల ఖైదీలతోనే నిండిపోయింది. మూడోసారి, పదకొండు రోజుల తర్వాత, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. బరువు 46 కిలోలు. క్రియాటినిన్ 4.1. మామూలు మనిషికి ఒకటికి కాస్త అటూ ఇటూ ఉండాలి.

ఆ రిపోర్టు చూసి జైలు డాక్టరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏ ఊరో తెలిసుంటే మొదటి రోజే టెస్ట్ రాసేవాణ్ని” అన్నారు. నమ్ముతాను. ఎందుకంటే అడ్మిషన్ రిజిస్టర్‌లో సొంత ఊరి గడి ఉంది, ‘శ్రీకాకుళం జిల్లా’ అని మండలంతో సహా రాసే ఉంది. అది ముందు గదిలో ఉంటుంది. ఆరోగ్య తనిఖీ పత్రం వెనక గదిలో ఉంటుంది. అందులో ఊరి గడి లేదు.

జైలే అతనికి ఈ జబ్బు తెచ్చిందని నేను అనను, అలా చెప్పగలిగే ఆధారం నా దగ్గర లేదు. ఫిబ్రవరిలో ఒక రక్తపరీక్ష చేసి ఉంటే ఆరేడు నెలలు ఆ బిళ్ళలు మింగేవాడు కాదు. అంతవరకు చెప్పగలను.

పీటీ వారెంట్

జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కావాలనుకుంటే పోలీసులు ఆ కోర్టు నుంచి పీటీ వారెంట్ తెచ్చి జైలుకు ఇస్తారు. జైలువాళ్లు మనిషిని ఆ కోర్టులో హాజరుపరిస్తే, అక్కడ రిమాండ్ వేస్తే, అప్పుడు రెండో కేసు మొదలవుతుంది. పక్క జిల్లాలో ఇలాంటిదే ఒక రాగి వైర్ల దొంగతనం ఉంది. అక్కడి స్టేషన్ మార్చి నెలాఖరులో ఉద్దానం పేరు మీద పీటీ వారెంట్ పంపింది. హాజరుపరచాల్సిన రోజున ఎస్కార్ట్ దొరకలేదు. వారెంట్ తేదీ దాటిపోయింది. మళ్లీ ఎవరూ పంపలేదు.

ఈ-ప్రిజన్స్‌లో మాత్రం అతని పేరు పక్కన ‘మరో కేసు పెండింగ్’ అని ఉండిపోయింది. ఆ ఒక్క ముక్కతో అతను ‘బెయిల్ వచ్చి ఏడు రోజులైనా వెళ్లనివారి’ జాబితాలోంచి తప్పిపోయాడు. రెండో కేసులో ఉన్నవాడు ఎలాగూ వెళ్లడు కదా అని. జిల్లా జడ్జి అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చునే విచారణ ఖైదీల సమీక్ష కమిటీ ముందుకు కూడా అతని పేరు వెళ్లలేదు. జామీను ఇవ్వలేక ఆగిపోయినవాళ్లను చూడటం ఆ కమిటీ పనుల్లో ఒకటి. కమిటీ తనకు వచ్చిన జాబితాను శ్రద్ధగానే చూసింది. అతను ఆ జాబితాలో లేడు.

ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ రెండో కేసు వెతికాను. దొరకడానికి పావుగంట పట్టింది. జూలైలోనే ఛార్జిషీట్ పడిపోయింది. నిందితులు ఇద్దరు, ఇద్దరూ వేరేవాళ్లు. ఉద్దానం పేరు ఎక్కడా లేదు. నెలల తరబడి అతను లేని కేసు అతన్ని జాబితాల్లోంచి దాచిపెట్టింది.

పక్క జిల్లా కోర్టుకు వెళ్లి ఛార్జిషీట్ సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాను. పీటీ వారెంట్ రీకాల్ చేయమని మెమో వేశాను. రెండు వాయిదాల్లో అయిపోయింది. ఆ ఆర్డర్ పట్టుకుని జైలుకు వెళ్తే డిప్యూటీ జైలర్ నా ముందే కంప్యూటర్‌లో ఆ ముక్క తీసేశాడు. “ఇది మాకెవరూ చెప్పలేదు మేడమ్” అన్నాడు. నిజం, ఎవరూ చెప్పలేదు. ఛార్జిషీట్‌లోంచి ఒక పేరు తప్పించినప్పుడు ఆ మనిషి ఉన్న జైలుకు చెప్పాలన్న బాధ్యత నాకు తెలిసినంతలో ఎవరి కాగితంలోనూ లేదు.

బయటికి

ఇక మిగిలింది జామీను. పేద ఖైదీలకు బెయిల్ కోసం 40 వేల దాకా ఇవ్వడానికి 2023లోనే కేంద్రం ఒక పథకం తెచ్చింది. మా జిల్లాలో ఆ కమిటీ అప్పటికి ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎదురుచూస్తే ఇంకో రెండు నెలలు. షరతులు మార్చమని కోర్టునే అడగాలనుకున్నాను. పిటిషన్‌లో మూడే విషయాలు రాశాను: బెయిల్ వచ్చి ఏడు నెలలైంది, మనిషి ఆరోగ్యం ఇదీ, సుప్రీంకోర్టు జనవరిలో చెప్పింది ఇదీ. విడుదలయ్యాక జామీను ఇచ్చుకునేలా తాత్కాలికంగా వదలవచ్చని కూడా ఆ ఆదేశాల్లో ఉంది.

మేజిస్ట్రేట్ ఫైలు ముందుకూ వెనక్కూ తిప్పి, “ఇది ఏప్రిల్ ఆర్డరా?” అని రెండుసార్లు అడిగారు. ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పలేదు. సొంత పూచీకత్తు మీద విడుదల, నాలుగు వారాల్లో ఏ జిల్లావాడైనా సరే ఒక్క జామీనుదారు. నవంబర్ మూడో వారంలో ఆర్డర్ వచ్చింది.

విడుదల ఆర్డర్ జైలుకు చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. లాకప్ అయిపోయింది. లాకప్ తర్వాత విడుదల ఉండదు. ఏడు నెలల మీద ఇంకో రాత్రి. పొద్దున వెళ్తే గేటు పక్క చిన్న తలుపులోంచి అతను వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో అరెస్టు రోజు తొడుక్కున్న చొక్కా, ఛార్జింగ్ లేని బటన్ ఫోను, పీపీసీ ఖాతాలో (జైల్లో ఖైదీ సొంత డబ్బు ఉంచే ఖాతా) మిగిలిన 340 రూపాయలు, ఆసుపత్రి కాగితాలు. ఆ కాగితాలు ఎందుకు ముఖ్యమో, తీసుకెళ్లడానికి వచ్చిన అతని బావమరిదికి రెండుసార్లు చెప్పాను. డైక్లోఫెనాక్ పేరు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, ఇది ఎప్పుడూ వేసుకోకూడదని కింద గీత గీశాను. ఆరో గడిలో రాయాల్సిన సలహా అదీ అనిపించింది.

విడుదలైన మూడో వారంలో బావమరిది మళ్లీ వచ్చి, ఊళ్లో తన ఇంటి పన్ను రసీదు పెట్టి జామీను ఉన్నాడు. కోర్టు తీసుకుంది. శ్రీకాకుళం జిల్లా రసీదు చెల్లుతుందా అని ఏప్రిల్‌లోనే ఎవరైనా అడిగి ఉంటే, ఆ రోజే తీసుకునేవారేమో.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి

మొదట రిజిస్టర్. కొత్త గళ్లు పెట్టే అధికారం నాకు లేదు. కానీ ఆరో గడిలో ‘సలహా ఇవ్వడమైనది’ రాయడం మానేశాను. ఏం చెప్పానో రాస్తాను, తర్వాత ఎవరు ఏం చెయ్యాలో, ఏ తేదీలోగా చెయ్యాలో రాస్తాను. గడి చిన్నది, కింది వరుసలోకి కూడా పోతుంది. దాంతో రోజుకు 43 మందిని చూడలేను, 18 మందిని చూడగలను. మా నివేదికలో సంఖ్య తగ్గింది. ఎందుకు తగ్గిందని అడిగారు. రాసి ఇచ్చాను. ఇప్పటిదాకా ఇంకేమీ అనలేదు.

ప్రతి ఖైదీనీ ఇప్పుడు మొదట అడిగేది హెడ్ వార్డర్ అడిగిన ప్రశ్నే: బెయిలైందా, మరి ఎందుకు పోలేదు? ఊరు అడుగుతాను, ఇంటి దగ్గర ఎవరికి ఏ జబ్బులున్నాయో అడుగుతాను. బెయిల్ ఆర్డర్‌ని అతని భాషలో, అతని ముందు చదువుతాను. జైలు వారెంట్, ఈ-ప్రిజన్స్ ప్రింటు, ఈ-కోర్ట్స్ ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తాను. మూడు చోట్లా ఒకే మాట ఉండటం నేను అనుకున్నంత మామూలు విషయం కాదని ఈ పనిలో తెలిసింది.

ఆ డిసెంబర్‌లోనే ఇలా మరో ఆరుగురు దొరికారు. నలుగురు జామీను లేక ఆగినవాళ్లు. ఒకరి విడుదల ఆర్డర్‌లో తండ్రి పేరు తప్పు పడింది, దాన్ని సరిచేయించడానికి ఎవరూ వెనక్కి వెళ్లలేదు. ఆరో ఆయన పెద్దాయన, వెళ్లడానికి ఇల్లు లేదని తానే చెప్పలేదట. ఆ కేసు గురించి విడిగా రాయాలి.

2024 జూలై నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, వచ్చింది. అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే విడుదల చెయ్యాలి, దానికి కోర్టును అడగాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచి చట్టం. కానీ అందులోనే, ఒకటికి మించి కేసులు పెండింగ్ ఉన్నవాళ్లకు ఇది వర్తించదని కూడా ఉంది. ఈ-ప్రిజన్స్‌లో ‘మరో కేసు పెండింగ్’ అని ఉండిపోయిన పాత ముక్కలు ఎన్ని ఉన్నాయో ప్రతి జైల్లోనూ ఒకసారి కూర్చుని తీసేయకపోతే, ఉద్దానం లాంటివాళ్లు ఈ జాబితాలోంచీ తప్పిపోతారు. మా జైల్లో ఆ పని మేమూ, డిప్యూటీ జైలరూ కలిసి చేశాం. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది.

ఉద్దానం మీద కేసు ఇంకా నడుస్తోంది. సాక్షుల విచారణ మొదలైంది. ప్రతి వాయిదాకూ రాలేడు కాబట్టి హాజరు మినహాయింపు పిటిషన్ వేస్తున్నాను. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అక్కడే చూపించుకుంటున్నాడు. నిరుడు డయాలసిస్ మొదలైంది, వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం.

వాయిదాకు ముందు అతని భార్య ఫోన్ చేస్తుంది. కార్ఖానాలో మధ్యాహ్నం అన్నాల వేళ, వెనక పిక్కలు కొట్టే చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. “ఈపాలి తప్పకుండా రావాలన్నారంట కదమ్మా. మంగళారం పడకుండా సూడండి” అంది పోయిన నెల. గుర్తింపు కోసం నిందితుడు కోర్టులో ఉండాల్సిన వాయిదా అది. ఆసుపత్రి కాగితం జతచేసి మెమో వేశాను. గురువారానికి వేశారు.